రవళి బట్టలు

చిన్నాపురం (జగిత్యాల దగ్గర),
4 జూన్ 2001.

శ్రీమతి జానకీదేవి గారికి,

నమస్కారం. మీరు నన్నెప్పుడూ చూడలేదు. మీ ఇంట్లో ఏడాదికి పైగా పేయింగ్ గెస్టుగా ఉన్న రవళి తల్లిని నేను. నా పేరు స్వరాజ్యం. మా ఊరి అంగన్‌వాడీలో టీచర్ని. రవళి మీ గురించి చాలా చెప్పేది. మధ్యాహ్నాలు మీరు మేడ మీద పాత చీరలు పరిచి బొంతలు కుడుతుంటే పక్కన కూర్చుని సూదుల్లో దారం ఎక్కించి ఇచ్చేదట. మా ఇంట్లో సూది ముట్టని పిల్ల అక్కడ ఆ పని చేస్తోందంటే నాకు నవ్వొచ్చింది.

విషయం చెప్తాను. మార్చి నెలలో ఒకరోజు ఫోన్ చేసి, బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, ఇటునుంచి ఇటే పోతున్నాను, చేరాక అడ్రసు రాస్తాను అంది. ఆ తర్వాత ఉత్తరం లేదు, ఫోను లేదు. కొత్త ఉద్యోగం, తీరిక దొరకడం లేదేమో అని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. ఇక నా వల్ల కావడం లేదు. మీకేమైనా రాసిందా? వెళ్లేటప్పుడు ఏం చెప్పింది? సామానంతా తీసుకుపోయిందా?

దయచేసి ఫోన్ చేయకండి. మా ఊళ్లో ఫోను సర్పంచి గారింట్లో ఉంది. అక్కడ ఒక మాట అంటే సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. ఆడపిల్ల సంగతి. ఉత్తరమే రాయండి.

ఇట్లు,
స్వరాజ్యం


అమీర్‌పేట, మైత్రీవనం వెనక సందు,
11 జూన్ 2001.

స్వరాజ్యం గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేలోపు స్టవ్ మీద పాలు మాడి ఇల్లంతా వాసన. కంగారు పడకండి అని రాద్దామనే కూర్చున్నాను గానీ, నాకే కంగారుగా ఉంది, మీకేం చెప్పను.

రవళి మార్చి పన్నెండున వెళ్లింది. నాతో బెంగళూరు మాటే ఎత్తలేదండీ. ఇంటికెళ్లి వారంలో వచ్చేస్తానాంటీ అంది. భుజానికి ఒక సంచీ, చేతిలో సర్టిఫికెట్ల ఫైలు, అంతే. మొన్నటిదాకా అమెరికా కంపెనీలని ఊగిపోయిన అమీర్‌పేటని ఇప్పుడు చూడాలి మీరు. కోర్సులు చేసిన పిల్లలు బయోడేటాలు పట్టుకుని ఎండలో పడి తిరుగుతున్నారు. మా ఇంట్లో ఉన్న తొమ్మిది మందిలో ఆరుగురు ఊళ్లకి వెళ్లిపోయారు. రవళి కూడా అలాగే విసిగిపోయి మీ దగ్గరికి వచ్చిందనుకున్నాను. పెట్టె మాత్రం ఇక్కడే వదిలింది. అటక మీద భద్రంగా ఉంది.

నా కుట్టు గురించి చెప్పిందన్నారు. తణుకులో మా అమ్మ నేర్పిన పని అది. బొంతకి మొహం, కడుపు, వీపు అని మూడు పొరలు. మొహానికి మంచి రంగులున్న ముక్కలు, వీపుకి మెత్తటి ఒంటి చీర, కడుపులోకి చిరిగినవీ వెలిసినవీ. నాలుగు మూలలా పప్పుడబ్బాలు బరువు పెట్టి, అంచు నుంచి లోపలికి చుట్టూ కుట్టుకుంటూ రావాలి. సోమాజిగూడ నుంచి డాక్టర్ల భార్యలు కూడా వాళ్ల అమ్మల చీరలు తెచ్చి కుట్టించుకుంటారు. పిల్లలు వదిలేసి వెళ్లిన బట్టలైతే మూడు నెలలు చూస్తాను, ఎవరూ రాకపోతే ఉతికి కత్తెర పెడతాను. రవళికి రంగులు పొందించడం మహా బాగా తెలుసు. ఆ ఆకుపచ్చ పక్కన ఈ పసుపు వద్దాంటీ, రెండూ దెబ్బలాడుకుంటాయి అనేది. నిజంగానే దెబ్బలాడుకునేవి.

దాని స్నేహితుల్ని అందర్నీ అడుగుతున్నాను. తెలిసిన వెంటనే రాస్తాను.

జానకీదేవి


చిన్నాపురం,
27 జూన్ 2001.

జానకమ్మ గారికి,

నాకు ఒక ఊరు చెప్పింది, మీకు ఒక ఊరు చెప్పింది. ఈ రెండూ కాక ఎక్కడికి పోయిందో తెలియదు. దాని తండ్రి పోయి తొమ్మిదేళ్లు. మా మరిది రాజనర్సయ్య పోలీస్ స్టేషన్‌లో కాగితం రాసిచ్చాడు. వాళ్లు ఫోటో అడిగారు. నిరుడు దసరాకి మీ మేడ మీద తీసుకుందే, నీలం మీద తెల్లపూల పంజాబీ డ్రెస్‌లో, ఆ ఫోటో ఇచ్చాను.

మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఆ పెట్టె తాళం తీయకండి. తన వస్తువులు ఎవరైనా ముట్టుకుంటే దానికి చిన్నప్పటి నుంచీ కోపం. పెట్టె ఉందంటే తిరిగి వస్తుందనే కదా. బట్టలన్నీ వదిలి ఏ ఆడపిల్లా పోదు. నాకిప్పుడున్న ధైర్యమంతా మీ అటక మీద ఉంది.

మీరు రంగుల సంగతి రాస్తే అంగన్‌వాడీలో పిల్లల ముందే ఏడ్చాను. మీరు బొంతల గురించి రాయండి. అది ఎక్కడ కూర్చునేదో, ఏం మాట్లాడేదో రాయండి.

స్వరాజ్యం


అమీర్‌పేట,
18 ఆగస్టు 2001.

స్వరాజ్యం గారికి,

రాయడం ఆలస్యమైంది. రవళి స్నేహితులు ఎవరికీ ఏమీ తెలియదు. కొందరు ఊళ్లు మారారు, కొందరు ఉత్తరాలకి జవాబివ్వలేదు. మీకు రాయడానికి మంచి మాట ఒక్కటీ లేక కాగితం తీయడం, మళ్లీ పెట్టేయడం.

నా పని అడిగారు. సోమాజిగూడ ఆవిడ మనవడికి చిన్న బొంత పూర్తిచేశాను, అరచేయంత చదరాలతో. వాళ్ల అత్తగారి వెంకటగిరి చీర అందులో పెట్టాను. దాని అంచు కత్తిరిస్తుంటే ఆ పెద్దావిడ పక్కనే నిలబడి చూసింది. తన ఒంటిమీద కోస్తున్నట్టు మొహం పెట్టింది పాపం. బట్ట కత్తిరించడం తేలిక కాదండీ, కత్తిరించాక గానీ తెలియదు.

మా ఇంట్లో మధులత అని కొత్తపిల్ల చేరింది. పంజాగుట్టలో అమెరికా డాక్టర్ల మాటలు విని టైపు చేసే ఆఫీసులో రాత్రి డ్యూటీ. పగలంతా నిద్ర. ఈ వేసవిలో కుట్టిన పెద్ద బొంత ఒకటి ఆ అమ్మాయి మంచం మీద వేశాను. నాలుగో రోజు వంటింట్లోకి వచ్చి, ఆంటీ, గీ బొంత కప్పుకుంటే కాళ్లకాడ ఎవరో కూసున్నట్టు బరువైతుంది, భయం కాదు గానీ జర తీసేయరా అంది. ఊరికే పోనివ్వక ఉతికి ఆరేశాను. రెండు రోజులు ఎండ కాసింది. అంతా ఆరింది గానీ ఒక మూల, కాళ్లవైపు, చేయి పెడితే చల్లగా తగులుతూనే ఉంది. మూడో రోజుక్కూడా. నేను దెయ్యాలనీ గాలనీ నమ్మే మనిషిని కాదు. అయినా మడిచి గూట్లో పెట్టాక ఆ గది తలుపు దగ్గరికి వేస్తున్నాను.

ఒకటి అడగాలి, ఏమీ అనుకోకండి. నిద్రపోయేవాళ్ల కాళ్ల దగ్గర కూర్చునే అలవాటు రవళికి ఉందా? ఊరికే అడిగాను.

జానకీదేవి


చిన్నాపురం,
17 సెప్టెంబర్ 2001.

జానకమ్మ గారికి,

మీ చివరి మాటకి ముందు జవాబు. చదువుకునే రోజుల్లో నేను పడుకుంటే నా కాళ్ల దగ్గరే కూర్చుని పుస్తకం పెట్టుకునేది. వీపు నా పాదాలకి ఆనించి. మీకెట్లా తెలిసింది? మీ దగ్గర కూడా అట్లా కూర్చునేదా?

ఇప్పుడు అసలు సంగతి. హైదరాబాద్ నుంచి పోలీసులు కబురు చేశారు. నగరం బయట ఒక చెరువులో ఆడపిల్ల శవం దొరికిందట. చాలా రోజులు నీళ్లలో ఉంది. నేనూ రాజనర్సయ్యా పోయాం. మనిషిని చూపించలేదు, చూసే స్థితిలో లేదన్నారు. ఫోటో చూపించారు. మొహం తెలియడం లేదు. ఒంటిమీద నీలం మీద తెల్లపూల పంజాబీ డ్రెస్.

నేను నా బిడ్డ కాదని అనలేకపోయాను, అవునని అనలేకపోయాను. ఆ బట్ట దసరాకి మీ అమీర్‌పేట దుకాణాల్లో తానులు తానులు అమ్మారని రవళే చెప్పింది. మీ హాస్టల్లో హైందవి అనే అమ్మాయి, అదీ కలిసి ఒకే తానులో కోయించుకున్నారట. కాబట్టి ఎవరైనా కావచ్చు.

పోలీసులు అయిదు రోజులు గడువిచ్చారు. మీరు పెట్టె తెరవండి. నేనే వద్దన్నాను, నేనే చెప్తున్నాను, తెరవండి. ఆ డ్రెస్ అందులో ఉంటే చెరువులో ఉన్నది నా బిడ్డ కాదు. గుర్తు చెప్తాను. జనవరిలో వచ్చినప్పుడు కుడి చంక కింద చినిగితే నేనే కుట్టాను. నీలం దారం లేక ఎర్రదారంతో కుట్టాను. అట్లా కనబడుతుందమ్మా అని అలిగింది. ఆ ఎర్రకుట్టు ఉందో లేదో చూసి వెంటనే రాయండి. మనిషి చేతికిచ్చి పంపుతున్నాను, అతని చేతికే జవాబివ్వండి.

స్వరాజ్యం


అమీర్‌పేట,
18 సెప్టెంబర్ 2001.

స్వరాజ్యం గారికి,

డ్రెస్ ఉంది. నీలం, తెల్లపూలు, మీరు చెప్పిందే. ఎర్రకుట్టు కూడా చూశాను, కుడి చంక కిందే. ధైర్యంగా ఉండండి. పోలీసులకి ఈ ఉత్తరం చూపించండి. డ్రెస్ ఇప్పుడే పంపడం లేదు, మీ మనిషి బస్సులో ఎక్కడైనా పోగొడితే కష్టం. నా దగ్గరే జాగ్రత్తగా ఉంటుంది.

మీ అమ్మాయి క్షేమంగా ఎక్కడో ఉంది. కడుపునిండా తినండి.

జానకీదేవి


చిన్నాపురం,
2 అక్టోబర్ 2001.

అక్కా,

ఇకనుంచి ఇట్లాగే పిలుస్తాను. మీ ఉత్తరం పోలీసుల ముందు పెట్టి, ఈమె నా బిడ్డ కాదని సంతకం చేశాను. వాళ్లు ఇంకెవరూ రాలేదని మర్నాడే మునిసిపాలిటీకి అప్పజెప్పారు. దహనం అయిపోయిందని తర్వాత తెలిసింది. ఇంటికొచ్చి ఆరు నెలల్లో మొదటిసారి పొద్దెక్కేదాకా నిద్రపోయాను. మీరు లేకపోతే నేనేమైపోయేదాన్నో. దీపావళి తర్వాత రాజనర్సయ్య పని మీద హైదరాబాద్ వస్తున్నాడు. పెట్టె అట్లాగే ఉంచి, ఆ డ్రెస్ ఒక్కటి అతనితో పంపండి. కుట్టు ఒకసారి చేత్తో తడిమి చూసుకుంటాను.

మీ చెల్లెలు,
స్వరాజ్యం


అమీర్‌పేట,
14 నవంబర్ 2001.

స్వరాజ్యం గారికి,

అక్కా అన్నారు. ఈ ఉత్తరం చదివాక అనరు. అయినా రాయాలి.

పెట్టె ఖాళీగా ఉంది. రవళి బట్టలన్నీ మే నెలాఖరున కత్తిరించి బొంతకి వాడేశాను. మూడు నెలలు చూస్తానని గొప్పగా రాశాను కదా, చూడలేదు. ఇంకా పన్నెండు రోజులుంది. సోమాజిగూడ వాళ్లు పెద్ద బొంతల నమూనా అడిగారు, నా దగ్గర మంచి రంగుల్లేవు. దాని బట్టల రంగులు మీకు తెలుసుగా. ఆశపడ్డాను. అంతకు మించి సాకు లేదు. కుట్టు పూర్తయిన నాలుగో రోజుకి మీ మొదటి ఉత్తరం వచ్చింది. అప్పుడే చెప్పాలి. పెట్టె అటక మీద ఉంది అని రాశాను. అది అబద్ధం కాదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మీరు ధైర్యమంతా అక్కడుందని రాశాక ఇక నోరు పెగల్లేదు. ఒప్పుకుంటే పోలీసులొస్తారు, హాస్టల్ మూతపడుతుంది అని మా వారు చక్రపాణి గారు భయపెట్టారు. ఆయన మీదికి నెట్టడం లేదు, రాసిన చెయ్యి నాదే.

సెప్టెంబరులో మీ మనిషి గుమ్మంలో నిలబడ్డప్పుడు బొంత తీసి చూశాను. మొహం మీద నీలం చదరాలు నాలుగున్నాయి, తెల్లపూలతో. అవి రవళివి కాకపోవచ్చన్న అనుమానం కూడా నాకు రాలేదు. చంక భాగాలు ఎప్పుడూ కోసి పారేస్తాం, చెమటకి చివికిపోయి ఉంటాయి గనక. కాబట్టి ఎర్రకుట్టు కనబడే ప్రశ్నే లేదు. ఉన్నది రవళి డ్రెస్సే అయినప్పుడు కుట్టు కూడా ఉండే ఉంటుందని, చూశానని రాసేశాను. చూడలేదు స్వరాజ్యం గారూ.

నిన్న హైందవి వచ్చింది. చెన్నైలో ఉద్యోగం, నన్ను చూసి పోదామని దిగింది. బొంత ఎండలో వేసి ఉంటే ఆ నీలం చదరం మీద వేలు పెట్టి, ఆంటీ ఇది నా డ్రెస్ కదా, ఇదిగో నా పెన్ను కారిన మరక అంది. నాలుగు చదరాల్లో రెండింటి మీద ఇంకు మరక ఉంది. అది వెళ్లేటప్పుడు పాత బట్టలు నాకిచ్చి వెళ్లిన మాట నిజమే. అంటే ఆ ముక్కలు హైందవివి. రవళి డ్రెస్ నాకు దొరకనే లేదు. దాన్ని కత్తిరించిన గుర్తు కూడా లేదు.

అప్పుడే నిజం చెప్పి ఉంటే మీరు సంతకం పెట్టేవారు కాదు. ఇంకా వెతికేవారు, ఆనవాళ్లు అడిగేవారు. మీ చేతులమీదుగా జరగాల్సింది మునిసిపాలిటీ వాళ్లు చేశారేమో. ఆ తలపు వచ్చినప్పటి నుంచీ నేను సూది పట్టలేదు. బొంత ఉన్న గదిలోకి పోలేకపోతున్నాను. మీరు తిట్టండి. ఊరుకోకండి, తిట్టండి.

జానకీదేవి


చిన్నాపురం,
24 నవంబర్ 2001.

జానకీదేవి గారికి,

రిజిస్టర్లు రాసీ రాసీ బడి భాషలో రాస్తుంటిని ఇన్నాళ్లు. ఇయ్యాల అది వస్తలేదు.

నేను మళ్ల హైదరాబాద్ పోయిన. కాల్చిన జాగ చూపెట్టుమన్న. ఒక్కటే గడ్డ, అందరిని అక్కడనే కాలుస్తరట. అందాజగ ఒక తావున చెంబెడు పాలు పోసిన. ఆమె మీద నాది కాదని నేను సంతకం పెట్టిన. తల్లి వద్దన్నంక ఆమెను కట్టెల మీద పెట్టిండ్రు. గిది నేను ఎట్ల మర్చిపోవాలె?

మిమ్ములను తిట్టమన్నరు. తిట్టను. తిట్టితే మీకు జర హాయిగ ఉంటది. నేను సుత మీకు ఒకటి చెప్పలే. మార్చిల రవళి ఫోన్ చేసినప్పుడు మొదలు ఇంటికొస్త అన్నది. ఏడాదిన్నర చదివిచ్చిన, ఉద్యోగం లేకుంట వచ్చి ఈ ఊళ్లె నా మొహం ఏడ పెట్టమంటవు అన్న. సర్పంచి ఇంట్ల అందరు వింటున్నరని గట్టిగ అన్న. గప్పుడు, ఉద్యోగం వచ్చిందమ్మా, బెంగళూరు పోతున్న అన్నది. అబద్ధమని నాకు అప్పుడే ఎరుక. ఎరుకై సుత మంచిది బిడ్డా అన్న.

మనం ఇద్దరం కలిసే చేసినం.

పెద్దలు డిసెంబర్ పన్నెండున దినాలు పెట్టిండ్రు. ఫోటో పెట్టి చేస్తం. దినాలల్ల పోయినోళ్ల బట్టలు బట్టలుతికే పోచమ్మకు ఇయ్యాలె. మీరు ఆ బొంత విప్పుండ్రి. కత్తెర పెట్టొద్దు, మల్ల ఒక్క ముక్క కోయొద్దు. సూదితోని ఒక్కొక్క కుట్టు తీయుండ్రి. నా బిడ్డ బట్టలు ముక్కలైతే ముక్కలు, అన్ని పంపుండ్రి.

స్వరాజ్యం


అమీర్‌పేట,
10 డిసెంబర్ 2001.

స్వరాజ్యం గారికి,

ఈ ఉత్తరం, మూట మధులత తెస్తోంది. జగిత్యాల బస్సు మంగళవారం రాత్రిదే దొరికింది, బుధవారం పొద్దున్నే మీ గుమ్మంలో ఉంటుంది. ఏ పని చేస్తున్నా ఆపి ముందు ఇది చదవండి.

బొంత విప్పడానికి పదకొండు రోజులు పట్టింది. కుట్టడం కంటే విప్పడం కష్టమని ఇన్నేళ్లలో నాకు తెలియదు. బియ్యపుగింజంత కుట్లు, ఎక్కడా దారం తెగనివ్వకూడదని నేనే బిగించి కుట్టాను. సూదిమొన పెట్టి లేవదీస్తుంటే కళ్లు నీళ్లు కారేవి. మధులత డ్యూటీ నుంచి వచ్చి నిద్ర మానుకుని రెండో మూల పట్టుకుంది. మొహం అంతా వచ్చాక రవళి ముక్కలు వేరు చేశాం. ఆకుపచ్చ చున్నీ, మెరూన్ డ్రెస్, పసుపు లంగా. తర్వాత కడుపు.

కాళ్లవైపు మూల, ఎండకి ఆరని చోటు చెప్పాను కదా, అక్కడ ఒక పొర కాదు, మడత ఉంది. ముక్క కాదు, మొత్తం డ్రెస్, తిరగేసి మడిచి పెట్టినది. అందుకే అక్కడ నీళ్లు పట్టుకుని ఆరేది కాదు. తిరగేస్తే పూలు కనబడవు, పాలిపోయిన గుడ్డలా ఉంటుంది, చంక దగ్గర చిరిగి కుట్టి ఉంది. చిరిగిందని చూసి, ఏం డ్రెస్సో కూడా చూడకుండా కడుపులో పెట్టేశాను. అందుకే కత్తిరించిన గుర్తు లేదు. తిప్పి చూశాం. నీలం, తెల్లపూలు. కుడి చంక కింద ఎర్రకుట్టు. ఈసారి చూసే రాస్తున్నాను. మధులత కూడా చూసింది, తననే అడగండి.

రవళి ఈ డ్రెస్ వేసుకుని వెళ్లలేదు. చెరువులో ఉన్నది మీ అమ్మాయి కాదు.

ఒక్క మాట దాచను. ఇది దొరికిన రోజంతా దీన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఇదొక్కటి తీసి గూట్లో దాచి మిగతావి పంపితే ఆ తల్లి దుఃఖం ఒక దరికి చేరుతుంది, ఇది చెప్తే మళ్లీ వాకిట్లో ఎదురుచూపులు మొదలు అని చక్రపాణి గారన్నారు. అందులోనూ నిజముంది. కానీ మీకు ఏది మంచిదో నేను నిర్ణయించి రాయడం ఒకసారి చేశాను. ఇక చెయ్యను. డ్రెస్ పంపుతున్నాను. మీ చేత్తో తడిమి చూసుకోండి.

జానకి


చిన్నాపురం,
15 డిసెంబర్ 2001.

అక్కా,

మధులత వచ్చేసరికి వాకిట్ల చుట్టాలు కూసున్నరు, పొయ్యిల మీద బగోనలు ఎక్కినయి. ఉత్తరం చదవలే, ముందుగాల మూట విప్పిన. చంక కింద చూసిన. నా కుట్టే. ఏడు కుట్లు, కడకు ముడి.

రాజనర్సయ్య దినాలు ఆపుదామన్నడు. బతికున్న పిల్లకు చేస్తే కీడన్నడు. రవళి ఫోటో తీసి లోపల పెట్టిచ్చిన. దాని బట్టలు పోచమ్మకు ఇయ్యలే, ముక్కలన్ని మడత పెట్టి సందుగ పెట్టెల పెట్టిన. గని దినాలు ఆపనియ్యలే. నేను సంబురపడ్డ అక్కా, నీతోని దాచను. అందరి ముంగట నవ్విన. నవ్వినంక మతికొచ్చింది, కాలినామె ఎవరి బిడ్డ అని. నాది కాదని సంతకం పెట్టి ఇంటికొచ్చి పండుకున్ననే గని, నాది కాకుంటే ఎవరిది అని ఒక్కనాడు సుత అనుకోలే. పోలీసులు చూపెట్టిన ఫోటోల ఆమె చెయ్యి కనబడింది నాకు. గోర్లకు రంగున్నది.

దినాలు చేయించే జంగమయ్య పోయినామె పేరు అడిగిండు. తెల్వదన్న. ఇంటిపేరు అడిగిండు. తెల్వదన్న. బిడ్డ అని చెప్పి కానియ్యుమన్న.

పిట్టకు పెట్టుడు కాడ కష్టమైంది. మా దిక్కు పోయినోళ్లకు ఇష్టమైనయి వండి విస్తరిల పెడితే కాకి ముట్టాలె, ముట్టేదాక ఎవరు ముద్ద నోట్ల పెట్టరు. రవళికని సర్వపిండి, గుడ్లకూర చేసి ఉంచిన. అవి తీసి పెట్ట బుద్ధి కాలే. అవి నా బిడ్డ వచ్చి తినేటియి. ఈ పిల్ల ఏం తింటుండెనో, ఏది వద్దంటుండెనో ఎవరిని అడగాలె? ఉత్త పప్పన్నం పెట్టినం. పొద్దు నెత్తిమీదికొచ్చింది. గోడ పొడుగూత కాకులు, ఒక్కటి దిగలే. ముసలోళ్లు ఏదన్న మాటియ్యమన్నరు. అందరు ఏదో ఒకటి అన్నరు. నేను దగ్గరికి పోయి, నీ తల్లిని దొరకబట్టి చెప్త బిడ్డా అన్న. అప్పుడు దిగింది ఒకటి.

రవళి కోసం పేపర్ల ఏపిచ్చిన, ఉద్యోగం లేకున్న సరే రమ్మని. చూడాలె.

నీ ఇంటికి అన్ని జిల్లాల పిల్లలు వస్తరు, పోతరు. చుట్టుపక్కల హాస్టళ్లు నీకు ఎరుకే. పెట్టె ఇడిసిపెట్టి పోయి మల్ల రానామె ఇంకెవరన్న ఉన్నదా, జర ఇల్లిల్లు తిరిగి అడుగు. నీలం మీద తెల్లపూల డ్రెస్ వేసుకునే పిల్ల, గోర్లకు రంగు పెట్టుకునే పిల్ల. మన రవళి కోసం అడిగినట్టే అడుగు.

నీ చెల్లె,
స్వరాజ్యం